హారన్ కొట్టిన అన్నకు

అన్నా,

మొన్న అక్టోబరులో, ఆదివారం పొద్దున ఏడు కాకముందే, గచ్చిబౌలిలో మా క్యాన్సర్ పరుగు కోసం పెట్టిన కోన్లను బంపరుతో నెట్టుకుంటూ మా వెనకే వచ్చిన తెల్ల కారు మీదే. హారన్ మీద పెట్టిన చెయ్యి మీరు తియ్యలేదు. నా పక్కన గులాబీ స్కార్ఫు కట్టుకుని నడుస్తున్న పెద్దావిడ ఉలిక్కిపడి కింద పడింది. మోకాలు గీరుకుపోయింది. కీమో నడుస్తున్న మనిషి ఆవిడ. అలాంటివాళ్లకు చిన్న దెబ్బ కూడా చిన్నది కాదు. మీరు అద్దం దించి ఒకే మాట అన్నారు: "పరిగెత్తితే పోయినోళ్లు తిరిగొస్తారా?"

రారు అన్నా. ఆ సంగతి మాకంటే ఎవరికి తెలుసు?

నా వీపు మీద పిన్నీసులతో గుచ్చుకున్న కాగితంపై "అమ్మ కోసం" అని ఉంది. మా అమ్మ రొమ్ములో గోలీకాయంత గడ్డ. నొప్పి లేదు కదా, తమ్ముడి పెళ్లయ్యాక చూద్దాంలే అని ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఎముకల దాకా పాకింది. ఆఖరి రోజుల్లో మంచం నుంచి బాల్కనీకి పదకొండు అడుగులు. గోడ పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ వెళ్లేది. తులసి కుండీని తాకి "వచ్చేశా" అనేది.

మేం పరిగెత్తేది ఉన్నవాళ్ల కోసం. ఇంతమంది గులాబీ చొక్కాలతో రోడ్డెక్కితే, బస్టాపులో నిలబడ్డ ఒక్క ఇల్లాలైనా "ఏంటమ్మా ఇది?" అని అడుగుతుంది. ఆ రోజు ఒకామె అడిగింది కూడా. నొప్పి లేకపోయినా సరే, గడ్డ తగిలితే డాక్టరుకు చూపించుకోవాలని, తొలి దశలోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువని చెప్పాం. మా అమ్మకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

ఇలాంటి పరుగులకు దారి చూపినవాడు కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్. ఎముక క్యాన్సర్ వల్ల కుడికాలు పోతే, 1980లో కృత్రిమ కాలితో దేశాన్ని దాటడానికి బయల్దేరాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. మరుసటేడు 22 ఏళ్లకే కన్నుమూశాడు. క్విబెక్‌లో బండ్లవాళ్లు అతన్నీ పదేపదే రోడ్డు దింపేశారు. అతను పోయిన మూడు నెలల్లోపే మూడు లక్షల మంది అతని పేరున పరిగెత్తారు.

పాడె ఎదురైతే బండి పక్కకు తీసి దండం పెట్టుకునే అలవాటు మనది. మీకూ ఉండే ఉంటుంది. ఈ పరుగునూ అలాగే చూడండి. ఇక్కడ ఒక్కొక్కరి వీపున ఒక్కొక్కరు ఉన్నారు. నిజంగా తొందరుంటే కోన్ల దగ్గరున్న పిల్లలకు చెప్పండి, మేమే పక్కకు జరుగుతాం. మేం అడిగింది ఒక్క పొద్దున, రెండు గంటల దారి.

ఆ పెద్దావిడ లేచి, నా భుజం పట్టుకుని చివరిదాకా నడిచింది. ఆఖరి పదకొండు అడుగులూ నేను పైకే లెక్కపెట్టాను. ఆవిడా నాతో గొంతు కలిపింది.

మిమ్మల్ని క్షమాపణ అడగను. ఈ రాత్రి ఇంటికెళ్లాక మీ అమ్మను ఒక్క మాట అడగండి, ఎక్కడైనా గడ్డలాంటిది చేతికి తగులుతోందా అని. మొహమాటమైతే వదినగారి చేత అడిగించండి. పెళ్లిళ్లూ పండగలూ అయ్యాక చూద్దాం అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇట్లు,
మీ కారు ముందు పరిగెత్తిన ఓ కూతురు