ఉన్నది ఉన్నట్టు

కోడుమూరులో రేడియో మూగబోయినా, టీవీలో బొమ్మ పోయినా జనం మామ కొట్టుకే పోయేవాళ్లు. ఆయన అసలు పేరు ఎవరికీ పట్టదు, ఊరంతటికీ మామే. కడప స్టేషను కోసం వాల్వు రేడియోల ముళ్లు తిప్పే కాలంలో పని నేర్చిన చెయ్యి అది. పలక టీవీలొచ్చి గిరాకీ పడిపోయినా, పాత వస్తువు గుమ్మం ఎక్కితే ఆయన ముఖం వెలిగిపోయేది. వరుసకు అల్లుడయ్యే పదిహేడేళ్ల పిల్లోడు పని నేర్చుకుంటూ పక్కనే ఉండేవాడు.

ఒక వేసవిలో కర్నూలు నుంచి రిటైరైన లెక్చరరు ఒకాయన బళ్లారి రోడ్డు బస్సులో పాత సీఆర్వోను ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. కరెంటు నడకను ఆకుపచ్చ తెర మీద గీతగా గీసి చూపే పెట్టె అది. 1897లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కనిపెట్టిన గాజు గొట్టమే దానికి ఆధారం. పాత డబ్బా టీవీల్లో ఉండేదీ ఆ జాతి గొట్టమే.

"ఆన్ చేస్తే తెర మీద ఏమీ రావడం లేదయ్యా. వీధి పిల్లలకు దీంతో పాఠం చెప్పాలని నా ఆశ" అన్నాడాయన.

మామ వెంటనే మూత విప్పలేదు. "మిషను అబద్ధం చెప్పదు అబ్బీ. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాది. చూపలేదంటే మనం అడిగే తీరులో తప్పుందేమో ముందు చూసుకోవల్ల" అని అల్లుడికి చెప్పాడు. ఇంటెన్సిటీ పెంచాడు. గీత తెర దాటి పైకో కిందికో పోయిందేమోనని పొజిషన్ నాబులు మధ్యకు తెచ్చాడు. ట్రిగ్గరు 'నార్మల్'లో ఉంటే సిగ్నల్ లేనప్పుడు గీతే రాదు, అందుకని 'ఆటో'కు తిప్పాడు. అయినా తెర చీకటే.

అప్పుడు ప్లగ్గు పీకి మూత తీశాడు. లోపల రెండు వేల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తోనే వాటిని ఖాళీ చేశాడు. హైటెన్షన్ దారిలో ఒక్కో రెజిస్టరునూ విప్పి పట్టుకుంటే అల్లుడు రంగులు చదివాడు: "ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ." అంటే ఇరవై రెండు లక్షల ఓములు. మీటరు పెడితే అసలు దారే లేదు. అది మార్చగానే తెర మీద ఆకుపచ్చ గీత మెరిసింది.

మామ ముఖంలో మాత్రం సంతోషం నిలవలేదు. ఫోకస్ నాబు ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పాడు. "గీత మందంగా ఉంది. అలుక్కుపోయినట్టుంది. కాదా అబ్బీ?"

పిల్లోడు తెరవైపు చూశాడు. తర్వాత మామ ముఖంవైపు చూసి, "ఔ మామా" అన్నాడు.

ఫోకస్ దారిలో రెజిస్టర్లు మార్చాడు. హమ్ వచ్చి కలుస్తోందేమోనని ఫిల్టరు కెపాసిటర్లు మార్చాడు. ఆస్టిగ్మాటిజం స్క్రూ సన్నగా సవరించాడు. కాలిబ్రేషన్ పిన్నుకు ప్రోబు తగిలిస్తే చదరపు తరంగం వచ్చింది. "రెండు వోల్టులకు నాలుగు గడులు సరిగ్గా ఉండాయి మామా" అన్నాడు అల్లుడు. హైటెన్షన్ పడిపోతే ఎలక్ట్రాన్ల వేగం తగ్గి, అవి ఎక్కువ వంగి, బొమ్మ పెద్దదవుతుంది. గడులు సరిపోయాయంటే హైటెన్షన్ సరిగానే ఉంది. అన్నీ సరిగా ఉన్నాయి, గీత మాత్రం మందంగానే ఉంది. ప్రతిసారీ మామ అడిగాడు, ప్రతిసారీ పిల్లోడు ఔనన్నాడు.

చివరికి మామ చేతులు కడుక్కున్నాడు. "ట్యూబు ముసలిదైపోయింది. ఇంక లాభం లేదు" అని కర్నూలుకు ఫోను చేశాడు. దిగులుపడుతూ వచ్చిన లెక్చరరుకు పెట్టె ఆన్ చేసి చూపించాడు, కూలి కూడా తీసుకోనన్నాడు.

లెక్చరరు కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగాడు. "ట్యూబు పోవడమేమయ్యా? సూదిమొనతో గీసినట్టుంది! కొత్తలో కూడా ఇంత సన్నగా వచ్చి ఉండదు."

మామ మాట్లాడలేదు. ముఖం తెరకు దగ్గరగా పెట్టి చూశాడు. ఈసారి వెలుగు గీతను కాదు, తెర ముందున్న గాజుపలక మీద అచ్చు వేసిన గడులను చూశాడు. ఆ గడులకు కరెంటుతో పనిలేదు. ఏ రెజిస్టరు చెడినా అవి మందం కావు. ఆయనకు అవీ అలుక్కుపోయినట్టే కనిపించాయి. సీఆర్వో స్విచ్చి ఆపేశాడు. చీకటి తెర మీదా అంతే. కుడి కన్ను మూసి చూశాడు, ఎడమది మూసి చూశాడు.

"మిషను బాగుంది సార్. తీసుకుపోండి. పొర నా కళ్లకొచ్చింది" అన్నాడు.

లెక్చరరు వెళ్లిపోయాక అల్లుణ్ణి దగ్గరకు పిలిచాడు.

"నీకు మొదట్నుంచీ సన్నగానే కనపడిందా అబ్బీ?"

"ఔ మామా."

"మరి మందంగా ఉందని యాల చెప్పినావురా?"

పిల్లోడు తల వంచుకున్నాడు. "పోయిన నెల ఆ టీవీలో బొమ్మ బాగుంది మామా అంటే, అందరి ముందర చెంప మీద కొట్టినావు కదా. అప్పట్నుంచి నీకేం కనపడితే నాకూ అదే కనపడుతుండాది."