ఫ్లెక్సీ ముందు ఆగిన బండి

22 ఏళ్లుగా డీజిల్ ఇంజను పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. సక్షన్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్ట్. నిద్రలో లేపి అడిగినా నాలుగు స్ట్రోకులూ వరసగా అప్పజెప్తాను. అలాంటి నాకు మా ప్రిన్సిపాల్ ఒక బ్యాటరీ బండి అప్పగించి, "పిల్లల చేత దీన్ని డ్రైవర్ లేకుండా నడిపించండి మాస్టారూ" అన్నారు. ఇంజనూ లేదు, డ్రైవరూ లేడు. ఇక అందులో నా పనేమిటో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇదంతా కంది నుంచి తగిలిన గాలి. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ల 'టిహాన్' ఉంది. కేంద్రం ఇచ్చిన 130 కోట్లతో వచ్చిన పరిశోధన కేంద్రం. వాహనాలు వాటంతటవే తిరిగేందుకు అక్కడ పరీక్షా ట్రాక్ ఉంది, 2022 జూలైలో ప్రారంభించారు. ఇప్పుడు డ్రైవర్ లేని కరెంటు బస్సులు ఆ క్యాంపస్‌లో మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. మా కాలేజీ ఉన్నది సికింద్రాబాద్ శివార్లలో, బడ్జెట్టూ శివార్లలోనే. మా బండి ఒక ఫంక్షన్ హాలు వాళ్లు ముసలివాళ్లని గేటు నుంచి పెళ్లి మండపం దాకా చేరవేయడానికి కొని, బ్యాటరీ నీరసించాక అమ్మేసినది. సీట్లకి ఇంకా సెంటు వాసన.

మొదటి రోజు బండి కదల్లేదు. మోటారు బాగుందన్నారు ఎలక్ట్రికల్ పిల్లలు. స్టీరింగ్ బాగుందన్నారు మెకానికల్ పిల్లలు. "మా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది సార్" అన్నారు కంప్యూటర్ సైన్సు వాళ్లు. ల్యాప్‌టాప్ మీద ఎక్కి వెళ్లలేం కదా. రెండు గంటల తగవు తర్వాత తేలిందేమంటే, బ్యాటరీ టెర్మినల్ వదులు. బిగించగానే 12 మీటర్లు వెళ్లింది. 2004లో అమెరికా రక్షణ శాఖ వాళ్లు ఎడారిలో డ్రైవర్ లేని బండ్లకి పెట్టిన మొదటి పందెంలో అన్నిటికన్నా ముందు నిలిచిన బండి సుమారు 12 కిలోమీటర్లకే ఆగిపోయింది. యూనిట్లు పక్కన పెడితే మేమూ అమెరికాతో సమానమే.

అసలు పాఠం మూడో వారంలో దొరికింది. లైబ్రరీ మలుపులో బండి ఆగిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు. ఉన్నదల్లా మా ఛైర్మన్‌గారి నిలువెత్తు ఫ్లెక్సీ. పుట్టినరోజు శుభాకాంక్షలు, నవ్వుముఖం, జోడించిన చేతులు. కెమెరా దాన్ని మనిషే అనుకుంది. పెద్దాయన దాటేదాకా ఆగాలని బండి నిలబడింది. పావుగంట గడిచింది. ఆయన నమస్కారం దించలేదు, బండి మర్యాద తప్పలేదు.

లైడార్ మాత్రం లేజరు కిరణం వెళ్లి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరాలు కొలుస్తుంది. దానికి కనిపించింది గోడలా చదునైన గుడ్డ. కెమెరా మనిషంటుంది, లైడార్ కాదంటుంది. ఎవరి మాట వినాలి? "ఫ్లెక్సీని లెక్కచెయ్యొద్దని రాసేద్దాం సార్" అన్నాడొకడు. "రేపు నిజం ఛైర్మన్‌గారే వస్తే?" అంది వెనక బెంచీ అమ్మాయి. అందరం నోళ్లు మూసుకున్నాం. థర్మోడైనమిక్స్ క్లాసులో ఇంత నిశ్శబ్దం నేనెరగను. ఫ్లెక్సీ తీసేద్దామని మాత్రం ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. అప్రైజల్ దగ్గరపడుతోంది.

ఆ సాయంత్రం ప్యాట్నీలో ఆటో ఎక్కి చిలకలగూడకి వెళ్తూ ఈ గోడంతా డ్రైవర్‌కి వెళ్లబోసుకున్నాను.

"మనిషి మొఖం సూస్తే తెల్వదా సార్, ఆగుతడో ఉరుకుతడో? డ్రైవర్ల నౌకరీలు పోతయని గడ్కరీ సాబ్ గసొంటి కార్లు ఒద్దన్నడంట గదా!" అన్నాడు. అంటూనే ఎదురొచ్చిన బస్సుకీ, అడ్డదిడ్డంగా తిరిగిన స్కూటర్‌కీ మధ్య అరచెయ్యి వెడల్పు సందులోంచి దూరాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవలి పక్కనున్నాం.

"అది సరే గని, మీ బండి హారన్ కొడ్తదా?"

నోట మాట రాలేదు. మర్నాడు మూడు బ్రాంచీల పిల్లల్నీ నిలబెట్టి, హారన్ ఎవరు పెట్టారని అడిగాను. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. "సిలబస్‌లో లేదు సార్" అన్నారు ముక్తకంఠంతో.

రాణీగంజ్ వెళ్లి నేనే ఒకటి కొన్నాను. కొట్టతను దాన్ని కాయితంలో చుడుతూ, "ఏ బండికి సార్?" అన్నాడు. చెప్పాను. చుట్టడం ఆపి అడిగాడు: "డ్రైవర్ లేకపోతే మరి తిట్లెవరు తింటరు సార్?"