మనోళ్ల సేవే మాధవసేవ

శ్రీశైలంలో మల్లన్నను చూడడానికి కులం అక్కర్లేదు. స్పర్శ దర్శనం టికెట్ చేతిలో ఉంటే ఎవరైనా లింగాన్ని తాకి, తల ఆనించి మొక్కుకోవచ్చు. కులంతో పని పడేది దర్శనమయ్యాక, ఆకలేసినప్పుడు. దేవస్థానం వారి అన్నదానం సంగతి వేరు, అక్కడ ఎవరూ ఏమీ అడగరు. దాన్ని దాటి నాలుగడుగులు వేస్తే కులానికో సత్రం. దేవుడికి లేని పట్టింపు పప్పుచారుకు వచ్చింది.

అలాంటి సత్రం కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. గుమాస్తా ముందు ఆధార్ అడుగుతాడు. ఆధార్‌లో కులం ఉండదు కాబట్టి, కేంద్ర ప్రభుత్వం వదిలేసిన ఆ పని పాపం ఆయన నెత్తిన పడింది. ఇంటిపేరు చూస్తాడు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్లే, ఒకే పేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది. తేలదు. "గోత్రం?" అంటాడు. అదీ తేలకపోతే "ఏ ఊరు మీది? ఆ ఊళ్లో ఫలానా ప్రెసిడెంటు గారు మీకేమవుతారు?" అని ఆరా. పెళ్లిచూపుల్లో కూడా ఇంత కూపీ లాగరు. ఆఖరికి గొంతు తగ్గించి, "మనోళ్లేనా?" ఔనంటే భోజనం కూపన్. కాదంటే, "రూములు ఖాళీ లేవండీ." రూము ఎవరడిగారు? అడిగింది అన్నం.

ఆయన తల వెనక గోడ మీద "అన్నదానాన్ని మించిన దానం లేదు" అని పెద్దక్షరాలు. దాని కిందే విరాళాల క్యూఆర్ కోడ్. సత్రం మొత్తమ్మీద సంస్కారం ఉన్నది దానికొక్కదానికే. ఏ కులం ఫోను పెట్టినా డబ్బు తీసుకుంటుంది, గోత్రం అడగదు.

"మా డబ్బు, మావాళ్లకు పెట్టుకుంటాం, మధ్యలో మీకేం నొప్పి?" అంటారు. నొప్పేం లేదు. పెళ్లికీ పేరంటానికీ అందరం మనవాళ్లకే వడ్డిస్తాం. కాకపోతే ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు అడగం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్‌లో సంగతి తేల్చేసింది: చట్టం అమల్లోకి వచ్చాక, అంటే 1962 ఏప్రిల్ 1 తరువాత, ఏదో ఒక మతానికో కులానికో మేలు చేయడానికి పెట్టిన ధర్మసంస్థ ఆదాయానికి మినహాయింపు లేదని. దాతలకు రాయితీ ఇచ్చిన 80జి సెక్షన్ కూడా ఆ మాటే అంది. అందుకే ట్రస్టు డీడ్లలో "కుల మత వర్గ భేదాలు లేకుండా సమస్త మానవాళి సంక్షేమం కోసం" లాంటి వాక్యాలు పుడతాయి. ఆ సమస్త మానవాళి ఆడిటర్ ఫైల్లో క్షేమంగా ఉంటుంది, భోజనానికి మాత్రం రాదు. ధర్మశాలల్లో అంటరానితనం పాటించడం నేరమని 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం చెబుతోంది. కనుక పొమ్మనేవారు ఎవరూ లేరు. ఖాళీ లేదనేవారే ఉన్నారు.

ఇంకో వాదన ఉంది, ఇది నాకు మరీ ఇష్టం. "అన్ని కులాలకూ సత్రాలున్నాయి, ఎవరి దానికి వాళ్లు పోతే వివక్ష ఎక్కడుంది?" నిజమే. ఊళ్లో ఒక బావి, వాడలో ఒక బావి ఉన్నప్పుడూ ఎవరి నీళ్లు వాళ్లకు ఉండేవి.

తలుపులు మూసేస్తే గత్యంతరం లేక సొంత గూడు కట్టుకున్నవారిని ఈ లెక్కలో కలపను. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల కోసం పెట్టిన ట్రస్టులను కుల ట్రస్టులుగా చూడనక్కర్లేదని ఆ పన్ను చట్టమే మినహాయించింది. తమాషా అంతా ఏ తలుపూ ఎన్నడూ మూసుకోనివారిది. 2021లో తెలంగాణ ప్రభుత్వం హైటెక్ సిటీ పక్కనే ఉన్న ఖానామెట్‌లో కమ్మ, వెలమ సంఘాలకు చెరో 5 ఎకరాలు రాసిచ్చింది. 2023లో హైకోర్టు స్టే ఇస్తే గానీ ఆగలేదు. ఖానామెట్‌లో గజం ధర తెలిసినవారికి ఆ సంఘాల నిరుపేదతనం చూసి కళ్లు చెమర్చాలి.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఏ వేళ ఎవరొచ్చినా ఇంత వండి పెట్టింది. 2024లో ఆంధ్రప్రదేశ్ బడి భోజనానికి ఆమె పేరు పెట్టారు. తిరుమలలో 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది. బంతిలో మన పక్కన కూర్చున్నది ఎవరో తెలియదు, సాంబారు బకెట్ వచ్చేలోగా కనుక్కునే తీరికా ఉండదు. అంటే కులం అడక్కుండా వడ్డించడం మనవాళ్లకు చేతకాని విద్యేమీ కాదు.

కాబట్టి ఆదాయపు పన్ను శాఖకు ఓ మనవి. డీడ్లు చదవడం మానేసి, మధ్యాహ్నం ఒంటిగంటకు మామూలు బట్టల్లో ఒక అధికారిని కూపన్ కోసం పంపండి. బస్సు దిగిన మనిషిలా వరుసలో నిలబడాలి. పొరపాటున ఆఫీసు జీపులో దిగాడో, కమిటీ కార్యదర్శి పరుగున వస్తాడు, కుర్చీ వేయించి, చల్లటి మజ్జిగ చేతికిచ్చి, వినయంగా పక్కన నిలబడి అడుగుతాడు: "ఇంతకీ సార్‌ది ఏ ఊరండీ?"