నొక్కుడు చదువు

రెండు గంటల్లో వెబ్‌సైట్ కట్టడం నేర్పేస్తారట. ఆ కరపత్రం మీ పేపర్లోంచి కూడా జారిపడే ఉంటుంది కనుక మళ్లీ వర్ణించను. మా మేనకోడలు వెళ్లొచ్చింది. ఫీజు నాది, సర్టిఫికెట్ తనది. దాని మీద పిల్ల పేరు కన్నా ఇన్‌స్టిట్యూట్ ఫోన్ నంబరే పెద్దది.

"మామయ్యా, లింకు పెట్టడం వచ్చేసింది" అంది. చూపించమన్నాను. మా ఊరి మీద పేజీ కట్టింది. మధ్యలో నీలం రంగులో, కింద గీతతో వెలిగిపోతోంది: ఇక్కడ క్లిక్ చేయండి.

"ఎక్కడికి పోతుందే ఇది?"

"క్లిక్ చేస్తే తెలుస్తుందిగా!"

సారు అలాగే చెప్పారట. లింకంటే అదేనట.

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో బస్సులన్నిటికీ ఊళ్ల పేర్లు పీకేసి 'ఇది ఎక్కండి' అని బోర్డు తగిలిస్తే ఎలా ఉంటుంది? కర్నూలు వెళ్లాల్సినవాడు కరీంనగర్‌లో దిగి, ఎక్కాక తెలిసిందిలే అని తృప్తిపడాలి. మన సారుకి రవాణా శాఖ ఇవ్వకపోవడం ప్రయాణికుల పూర్వజన్మ సుకృతం.

ఈ 'ఇక్కడ' మీద నాకు పాత కక్ష ఉంది. ఎక్కడ ఇక్కడ? ఫలితాల కోసం ఇక్కడ, దరఖాస్తు కోసం ఇక్కడ, ఆ దరఖాస్తు తెరుచుకోకపోతే మళ్లీ ఇక్కడ. పక్కన మిణుకుమిణుకుమనే 'న్యూ' బొమ్మ ఒకటి, ఏళ్లు గడిచినా పాతబడదు. ప్రతి లింకునూ కొత్త ట్యాబ్‌లో తెరిపించడం, చిరునామా ఉండాల్సిన చోట హాష్ గుర్తు పెట్టి వదిలేయడం కూడా నేర్పారు. పోనీలెండి, అవి చిన్న పాపాలు.

లింకు ఎలా ఉండాలో మొదట్లోనే తెలుసు. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్‌సైట్‌కు 1992 నాటి ప్రతిని సెర్న్ సంస్థ ఇప్పటికీ నిలిపి ఉంచింది. తెరిచి చూడండి. ముఖపేజీలో లింకులన్నీ విషయాన్ని చెప్పే మాటలే. ఏ మాట దేని గురించో ఆ లింకు అక్కడికే. క్లిక్ చేయమని ఎక్కడా బతిమాలదు. బతిమాలినా అందరికీ కుదరదు, అప్పటి లైన్ మోడ్ బ్రౌజర్‌లో మౌస్‌తో పనే లేదు. లింకు పక్కనున్న అంకె టైపు చేసి వెళ్లాలి. అంకెలు టైపు చేసిన రోజుల్లో ఉన్న తెలివి, అందరి చేతికీ మౌస్ వచ్చాక పోయింది.

చూపు లేనివాళ్లు వెబ్ పేజీని చెవితో చదువుతారు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో ఇన్‌సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లింకుల జాబితా వస్తుంది. 'ఇక్కడ క్లిక్ చేయండి' పాతికసార్లు వినిపిస్తే ఆ మనిషి ఏం చేయాలి? లింకు ఎక్కడికి పోతుందో దాని మాటల్లోంచో, చుట్టూ ఉన్న వాక్యంలోంచో తెలియాలని, వెబ్ నియమాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. డబ్బు తీసుకుని పాఠం చెప్పేవాడికి ఇది తెలియకపోవడం అమాయకత్వం కాదు, నిర్లక్ష్యం.

అసలు మంట ఇది కూడా కాదు. లింకు ట్యాగ్‌లో రెండు భాగాలుంటాయి. పైకి కనిపించే మాట ఒకటి, లోపల హెచ్‌రెఫ్‌లో ఉండే చిరునామా ఒకటి. రెండింటికీ పొంతన ఉందా అని బ్రౌజర్ అడగదు. పైన బ్యాంకు పేరు రాసి లోపల దొంగ చిరునామా పెట్టొచ్చు. మోసగాళ్లకు తెలిసిన మొదటి పాఠం అదే, మా పిల్లకు చెప్పని మొదటి పాఠమూ అదే. కరెంటు కట్ చేస్తామని, పార్సిల్ ఆగిపోయిందని వచ్చే మెసేజ్‌లలో లింకులు నొక్కి ఎంతమంది ఖాతాలు ఖాళీ చేసుకుంటున్నారో రోజూ చదువుతూనే ఉన్నాం. ఎక్కడికో అడక్కుండా నొక్కే అలవాటును ఫీజు తీసుకుని మరీ పిల్లలకు నేర్పిస్తారా? మన భాషలో నొక్కడానికీ నొక్కేయడానికీ తేడా రవ్వంతే. కంప్యూటర్‌లో మౌస్‌ను లింకు మీద ఆపితే చాలా బ్రౌజర్లలో కింద మూలన అసలు చిరునామా కనబడుతుంది. ఈ ముక్క చెప్పడానికి ఆ రెండు గంటల్లో ఒక్క నిమిషం దొరకలేదా?

మా పిల్ల ఆ లింకు మార్చింది. ఇప్పుడక్కడ 'మా ఊరి చెరువు ఫొటోలు' అని ఉంది.

వచ్చే ఆదివారం ఇంకో బ్యాచ్ ఉందట. మీ పిల్లల్ని పంపితే, ఇంటికి రాగానే 'నీ లింకు ఎక్కడికి పోతుంది?' అని అడగండి. క్లిక్ చేస్తే తెలుస్తుందంటే, వెళ్లి ఫీజు వాపసు తెచ్చుకోండి.