గుర్తు పెట్టారా మాస్టారూ?

మా పికప్పు కింద పిచ్చుక గూడు పెట్టిందని ముందు కనిపెట్టింది మా ఆవిడే. బండి నెమ్మదిగా కదిలినప్పుడల్లా అడుగున కిచకిచమనేది. ఊళ్లో పిచ్చుక కనబడి ఎన్నేళ్లయిందో! ఆవిడ మురిసిపోయి రోజూ పొద్దున్నే బండి పక్కన గుప్పెడు నూకలు చల్లడం మొదలుపెట్టింది. నూకలు పక్కింటి కోడిపుంజు తినేది, పిచ్చుక మాత్రం కూస్తూనే ఉండేది. రెండు నెలలకు ఆ కూత ఆగిపోయి, గేరు మార్చినప్పుడల్లా ‘ఠంగు’మనే చప్పుడు మొదలైంది. జాకీ దొర్లుతోందని నేను తీర్మానించి, దాన్ని కొబ్బరితాడుతో సీటు కింద కట్టేశాను. అయినా ఠంగుమంది. ఇంకో తాడు కట్టాను.

పిచ్చుకా కాదు, జాకీ కాదు. అది చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు వెనక క్రాసు. గ్రీజు ఎండిపోతే ముందు కూస్తుంది, అరిగాక మొత్తుకుంటుంది. రెండూ వినని వాడికి ఏం చేస్తుందో మే నెలలో తెలిసింది. 60 ట్రేల బంగినపల్లి కాయతో నూజివీడు నుంచి నున్న మార్కెట్టుకు వెళ్తున్నాం. ఆగిరిపల్లి దాటాక బండి కింద ఎవరో గునపం విసిరినట్టు ఓ మోత. ఇంజను హాయిగా తిరుగుతోంది, గేరు పడుతోంది, క్లచ్చు వదిలితే అరుపు పెరుగుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. దిగి వంగి చూస్తే షాఫ్టు తోక తారు రోడ్డు మీద పడి ఉంది. ముందు క్రాసు తెగి ఉంటే షాఫ్టు మూతి రోడ్డులో గుచ్చుకుని బండిని ఎత్తి పడేసేదట. ఆ సంగతి అక్కడ చేరిన నలుగురూ నాకు విడివిడిగా చెప్పారు.

కాయను ఇంకో బండికెక్కించి, వేలాడే షాఫ్టును తాడుతో పైకి కట్టి (జాకీ తాళ్లు అక్కరకొచ్చాయి), ట్రాక్టరుతో పికప్పును ఇంటికి లాక్కొచ్చాం. మా వాకిలి కాస్త ఏటవాలు. హ్యాండ్ బ్రేకు ఈ బండికి ఉందని ఆర్‌సీ పుస్తకాన్ని బట్టి ఊహించుకోవడమే. అందుకని, ‘‘ఫస్టు గేరులో వేశాన్లేరా, తాడు విప్పెయ్’’ అన్నాను ట్రాక్టరు కుర్రాడితో. వాడు విప్పాడు. బండి పెళ్లికూతురిలా నెమ్మదిగా వెనక్కి నడిచి వెళ్లి గడ్డివాములో కూర్చుంది. గేరు చక్రాలను పట్టి ఉంచేది షాఫ్టు ద్వారానే కదా, ఆ షాఫ్టే తెగి ఉంటే గేరెవర్ని పట్టుకుంటుంది? ఈ విషయం నాకు బాగా తెలుసు. కాలేజీలో 31 ఏళ్లు ఫిజిక్సు చెప్పాను. గుర్తుకొచ్చేసరికి గేదె కూడా లేచి నిలబడింది.

‘‘మేస్త్రిని పిలవకూడదూ బావా?’’ అన్నాడు మా బావమరిది. వాడికి జాలిగా పాఠం చెప్పాను. గేర్‌బాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, వెనక ఇరుసు హౌసింగేమో పట్టీల మీద ఎగిరెగిరి పడుతుంది. ఈ రెంటి మధ్య తిరిగే గొట్టం వంగాలి, సాగాలి కూడా. సాగడానికి పళ్లున్న జారుడు ముక్క, వంగడానికి రెండు చివర్లా రెండు క్రాసులు. ఇటలీ కార్డానో పేరు కూడా ఈ క్రాసుకు తగిలించారు గానీ, 1676లో అచ్చు పుస్తకంలో దీన్ని వర్ణించింది నా స్ప్రింగు పాఠంలోని రాబర్ట్ హుక్కే. ఆయనతో నాకు 31 ఏళ్ల పరిచయం, మధ్యలో మేస్త్రి ఎందుకు? బావమరిది ఏమీ అనకుండా చక్రాల వెనక ఇటుకలు పెట్టి వెళ్లిపోయాడు.

విప్పడం ఒక పూట. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు తాగించి, పానా చివర నీళ్ల పైపు తొడిగి ఊగితే ఒక్కోటీ ‘కీచు’మని లొంగింది. షాఫ్టును అరుగు మీద పడుకోబెట్టి, జారుడు ముక్కను కూడా ఊడబీకి, మట్టీ గ్రీజూ గీకి స్నానం చేయించాను. గొట్టం మీద ఒకచోట దళసరిగా తుప్పు గడ్డ కట్టి ఉంటే ఉలి పెట్టి రెండు దెబ్బలతో లేపేశాను. అది బిళ్లలా ఊడొచ్చింది. మా ఆవిడ దాన్ని తీసుకుని, ‘‘బాగుందే ఇది’’ అని లోపలికి పట్టుకెళ్లింది.

ఇక కొత్త క్రాసు. కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది, నాలుగు కొమ్ములకూ నాలుగు కప్పులు, ఒక్కో కప్పులో సూదుల్లాంటి బేరింగు ముక్కలు గోడ చుట్టూ గ్రీజులో నిలబడి ఉంటాయి. కప్పును దించి పైన లాకు వేస్తే అయిపోయింది. మూడు కప్పులు దిగాయి, మూడు లాకులు పడ్డాయి. నాలుగోది దిగింది గానీ లాకు గాడిలో కూర్చోదు. వెంట్రుక వాసి తక్కువ. సుత్తితో బతిమాలాను, తిట్టాను. క్రాసు తేడా సరుకని, నన్ను మోసం చేశారని నిర్ధారణకు వచ్చాను. అరుగు అవతలి కొసన బియ్యంలో రాళ్లేరుతున్న మా ఆవిడ చేట దించకుండానే, ‘‘ఆ గిన్నె అడుగున ఏదో పడుకుని ఉందేమో చూడండి’’ అంది. కప్పు తీసి చూశాను. ఒక్క సూది, అందరూ నిలబడి ఉంటే తను మాత్రం అడుగున హాయిగా అడ్డంగా పడుకుని ఉంది. క్లాసులో ఆఖరి బెంచీ వాడిలా! లేపి నిలబెట్టాను. లాకు ‘టిక్’మని కూర్చుంది. మా ఆవిడ ఇంకో రాయి ఏరింది.

బిగించాను, బండి కదిలింది. ఇరవై దాకా బాగానే ఉంది. నలభైకి వచ్చేసరికి డాష్‌బోర్డు మీది వెంకన్న నాట్యం మొదలుపెట్టాడు, అద్దంలో ఒక్కో లారీ రెండుగా కనబడింది, నేను ‘ఆగు’ అనబోతే ‘ఆగుగుగు’ అని వినబడింది. పక్కనున్న బావమరిది కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. వాడి భుజాలు బండి కంటే ఎక్కువ ఊగుతున్నాయి.

పాతిక వేగంతో విజయవాడ ఆటోనగర్ చేరాం. ఆసియాలోకెల్లా పెద్దదని బెజవాడ వాళ్లు చెప్పుకునే మెకానిక్కుల ఊరు అది. అక్కడ షాఫ్టుల పని చేసే మేస్త్రి అట్టముక్క పరుచుకుని బండి కింద దూరాడు. అర నిమిషం. పాదాలు మాత్రమే కనబడుతున్న మనిషి గొంతు బయటకొచ్చింది: ‘‘విప్పేటప్పుడు గుర్తు పెట్టారా మాస్టారూ?’’

నేను హుక్ దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. ‘‘అసలు సంగతేమిటంటే మేస్త్రీ, వంగి తిరిగే ఒక్క క్రాసు తిప్పుకు రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. పది డిగ్రీల వంపుకు ఒకటిన్నర శాతం అటూ ఇటూ. అందుకే రెండో క్రాసు పెడతారు, ఒకటి పెంచినప్పుడు రెండోది తగ్గించి...’’ అంటూ ఉండగానే నా గొంతు నాకే సన్నగా వినబడింది. రెండోది తగ్గించాలంటే రెండు చివర్ల కొమ్ములూ ఒకే వరసలో ఉండాలి. జారుడు ముక్కను ఊడబీకి, పళ్లు ఎలా కలిస్తే అలా దూర్చింది నేనే. ఒకదాని తప్పును ఇంకోటి దిద్దడం మానేసి, రెండూ కలిసి చేస్తున్నాయి. అరవై వేగంలో ఈ షాఫ్టు నిమిషానికి దాదాపు 2,000 చుట్లు తిరుగుతుంది. అంటే 4,000 కుదుపులు.

మేస్త్రి గుడ్డతో రుద్ది చూపించాడు. గొట్టం మీద ఒక బాణం గుర్తు, జారుడు ముక్క మీద ఇంకో బాణం. ఒకటి ఆకాశం చూస్తోంది, రెండోది గుంటూరు వైపు చూస్తోంది. ‘‘ఇవి రెండూ మొహామొహాలు చూసుకుంటూ ఉండాలండీ. విడాకులిప్పించారు. బాణం కనబడకపోయినా సుద్దముక్కతో ఓ గీత గీసుకుంటే సరిపోయేది’’ అన్నాడు. 31 ఏళ్లు సుద్దముక్క పట్టుకుని బతికినవాణ్ని నేను. బావమరిది టీ తాగొస్తానని వెళ్లిపోయాడు.

బాణాలు కలిపి బిగించడం పావుగంట పని. వెంకన్న నాట్యం ఆపాడు గానీ, యాభై దాటితే ఇంకా సన్నగా తల ఊపుతున్నాడు. మేస్త్రి మళ్లీ కింద దూరి, గొట్టం మీద ఒకచోట వేలితో తడిమి, ‘‘ఇక్కడ వెల్డింగు చేసిన బ్యాలెన్సు బిళ్ల ఉండాలే. ఎవరో ఉలితో లేపేశారు’’ అన్నాడు.

‘‘ఎవరండీ అలాంటి పని చేసేది!’’ అన్నాను.

షాఫ్టును మిషను మీద తిప్పి, సరిపోయే కొత్త బిళ్ల అతికించి ఇచ్చారు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాను. మూడేళ్లుగా కంచం పెడితే చాలు ఊగే మా వంటింటి బల్ల ఆ రాత్రి రాయిలా నిలబడి ఉంది. వంగి చూశాను. ఎడమ కాలి కింద, సరిగ్గా సరిపోయి, ఆ బిళ్ల.

‘‘దాన్ని మాత్రం కదిలించకండి’’ అంది మా ఆవిడ పప్పు వడ్డిస్తూ.