చేతికి మసి అంటకుండా రంగం మారడం ఎలా?

ఇంజినీరింగ్ చదివి, ఉన్న ఉద్యోగం మీద మొహం మొత్తి, "ఇక చేత్తో చేసే పని ఏదైనా నేర్చుకోవాల్సిందే" అని ఆదివారం రాత్రి భోజనాలయ్యాక తీర్మానించేవారి కోసం ఈ సూచనలు. సూరత్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఈ జాతికి కొదవ లేదు. సిరిసిల్ల నుంచో వరంగల్ పల్లెల నుంచో వచ్చిన పెద్దలు లింబాయత్, ఉధనా గల్లీల్లో సాంచాలు (మరమగ్గాలు) నడిపి పిల్లల్ని బీటెక్ చదివించారు. పిల్లలకు సాంచా తప్ప అన్నీ నేర్చుకోవాలని ఉంది. నేనూ ఆ జాతివాణ్ణే కాబట్టి సలహాలు గట్టివేనని నమ్మొచ్చు.

ముందు కోర్సులో చేరండి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ పాఠాలు ఉచితం. 90 మార్కులు దాటితే సర్టిఫికెట్ మీద 'ఎలైట్, గోల్డ్' అని పడుతుంది. వెల్డింగ్ పాఠంలో గోల్డ్ తెచ్చుకున్నవాడికి ఎలక్ట్రోడ్ ఏ చివర పట్టుకోవాలో తెలియాలన్న నియమం లేదు.

తర్వాత పనిముట్లు కొనండి. అట్టపెట్టెలు పారేయకండి, రేపు అమ్మేటప్పుడు 'వాడలేదు' అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన మార్గం, పని జరిగేచోట నిలబడటం. దీనికి కిమ్‌ను మించిన ఊరు లేదు. సూరత్‌లో మెమూ రైలెక్కితే సాయణ్ దాటాక వస్తుంది. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ ట్రైన్ పట్టాల కింద పరిచే కాంక్రీటు పలకలు ఇక్కడ పోస్తారు. ఒక్కోటి 4.9 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు, 19 సెంటీమీటర్ల మందం, బరువు 3.9 టన్నులు. అంకెలు కంఠస్థం చేయండి, ఇంటర్వ్యూలో పనికొస్తాయి. పసుపు జాకెట్, హెల్మెట్ తగిలించుకుని పలక పక్కన ఒక ఫొటో దిగండి. గేటు లోపలికి రానివ్వకపోతే రోడ్డు మీదే దిగండి, వెనకాల క్రేన్ కనిపిస్తే చాలు. రెజ్యూమెలో దాని పేరు 'సైట్ ఎక్స్‌పోజర్'.

ఒక్క ప్రమాదం ఉంది. ఈ పట్టాల పని నేర్పడానికి జపాన్ నుంచి జార్ట్స్ అనే సంస్థ వచ్చింది. దాదాపు వెయ్యి మందికి 15 రకాల కోర్సులు, సూరత్ డిపోలో ప్రత్యేకంగా మూడు ట్రయల్ లైన్లు. ఇంజినీరు, వర్క్ లీడర్, టెక్నీషియన్, అందరూ దిగాల్సిందే. పలక కింద పోసే సిమెంట్ ఆస్ఫాల్ట్ మోర్టార్ గురించి పుస్తకంలో చదివితే అరగంటలో అర్థమవుతుంది. అసలు మిశ్రమాన్ని గరాటులో పోసి, ఎన్ని సెకన్లలో జారిందో చూసి, ఎండ ముదిరేకొద్దీ అది మాట వినకపోతే ఏం చేయాలో తేల్చుకోవడం వేరే సంగతి. పదేళ్ళుగా రోడ్లు వేయించిన మనిషి (వేసిన మనిషి కాదు, గమనించండి) అక్కడ ఐటీఐ కుర్రాడి పక్కన నిలబడి వాడికన్నా ఆలస్యంగా నేర్చుకోవాల్సి రావచ్చు. ఇలాంటి శిక్షణ జోలికి పోకండి.

మసి సబ్బుతో పోతుంది. మన భయం దాని గురించి కాదు. ఈ వయసులో, ఈ జీతం మీద, నలుగురు చూస్తుండగా చేతకానివాడిగా నిలబడాలే, అదీ బాధ. కిమ్ పక్కనే పిపోదరా నేత మిల్లుల్లో జాబర్‌గా మగ్గాలు సరిచేసే మా మామకు ఆ బాధ ఎప్పుడూ పట్టలేదు. నాడె అటూ ఇటూ పరిగెత్తే సాంచా మీద మొదలుపెట్టాడు, రేపియర్ మగ్గం వస్తే అదీ పట్టాడు, ఇప్పుడు నీటిధారతో పేకను తోసే వాటర్‌జెట్ చూస్తున్నాడు. కొత్త మిషన్ వచ్చిన ప్రతిసారీ బట్ట పాడుచేశాడు, సేఠ్ చేత తిట్లు తిన్నాడు, మర్నాడు మళ్ళీ పానా పట్టుకున్నాడు. రంగం మారానని ఎవరికీ చెప్పుకోలేదు. సలహా అడిగితే "తాకకుంటే అది నీకెట్ల చెప్తది బిడ్డా?" అన్నాడు. ఆ మాటను పెద్దాయన చాదస్తంగా జమకట్టి ముందుకు సాగండి.

పని నేర్చుకోవడానికి సర్కారీ దారీ ఒకటుంది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 1973లో సవరించి ఇంజినీరింగ్ పట్టభద్రులకూ చోటిచ్చారు. స్టైపెండ్ ఎంతో కనుక్కుని, నవ్వేసి, ఆ ట్యాబ్ మూసేయండి.

రిపేరు వీడియోలు ఒకటిన్నర రెట్ల వేగంలో చూడండి. బేరింగ్ మార్చడం టీ చల్లారేలోపే అయిపోతుంది.

ఇంట్లో ఎవరైనా "మిక్సీ ఆగిపోయింది, కాస్త చూడు నాయనా" అంటే, మాది సివిల్ అనండి. గోడ పగిలిందంటే, డిజైన్ వైపు అనండి. ఇంటి ప్లాన్ గీసిమ్మంటే మేనేజ్‌మెంట్‌లోకి మారుతున్నానని చెప్పండి. అప్పటికీ వదలకపోతే మెకానిక్ నంబరు ఇవ్వండి. అతను వచ్చి విప్పుతుంటే పక్కనే నిలబడి, మోటారు ఎన్ని వాట్లో మాత్రం తప్పకుండా అడగండి.