రెండో సిలిండర్

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఉప్పాడ ఒడ్డున పాత ఇంజన్లు చేతులు మారేది ఎక్కువగా ఆ రోజుల్లోనే.

ఓ కుర్రాడికి రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారొకటి బేరానికొచ్చింది. అమ్మే ముసలాయన 40 వేలన్నాడు. కుర్రాడు తెలివైనవాడు, ఒక్కడే వెళ్లలేదు. వరసకు మావయ్యయ్యే మేస్త్రిని వెంటబెట్టుకెళ్లాడు.

మేస్త్రి పనితనానికి వంక పెట్టలేం. ముందు కింద గేర్‌బాక్సు స్క్రూ వదులు చేసి, ఆయిల్ రెండు చుక్కలు వేలి మీద పట్టాడు. సీలు పోయి నీళ్లు దిగితే ఆ ఆయిల్ పాలరంగుకు తిరుగుతుంది. తిరగలేదు. తర్వాత ప్లగ్గులు విప్పాడు. పైది పొడిగా, గోధుమరంగులో ఉంది. రెండోది ఆయిల్‌తో తడిసి ఉంది. ‘ఎన్నాళ్లుగానో పైకెత్తి పెట్టిన ఇంజను గదా, లోపలి ఆయిల్ జారుంటుంది’ అనుకున్నాడు.

అసలు పరీక్ష కంప్రెషన్‌దే. ఇలాంటి పాత ఇంజన్లకు ఆయిల్ ట్యాంకు వేరే ఉండదు, పెట్రోల్లో కలిపి పొయ్యాల్సిందే. ఓ పూట కలపడం మరిచిపోయినా, నీళ్ల పంపు రబ్బరు అరిగి ఇంజను వేడెక్కినా, పిస్టన్ వెళ్లి బోరును గీరేస్తుంది. ఆ గీతల్లోంచి గాలి జారిపోతుంది. హెడ్డు విప్పకుండానే ఆ సంగతి గేజీ చెబుతుంది. రెండు సిలిండర్లకీ తేడా పదీ పదిహేను శాతం దాటితే ఆ ఇంజను జోలికి పోకూడదు.

మేస్త్రి గేజీ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పైకెక్కనని మొరాయించేదాకా తాడు లాగాడు. పైది 120. రెండోది 118.

ఇంత పాత ఇంజనుకి 118! మేస్త్రి గొంతులో తడారిపోయింది.

“అల్లుడూ, రెండు టీలు పట్రా,” అన్నాడు.

కుర్రాడు గ్లాసులతో తిరిగొచ్చేసరికి రెండో సిలిండర్లో గేజీ రెండు మరలే తిరిగి ఉంది. మేస్త్రి మళ్లీ తాడు లాగాడు. ముల్లు 60 దగ్గర చతికిలబడింది.

“చూశావా? రెండో బోరు పోయింది. పిస్టన్ గీరేసింది. ఊరికే ఇచ్చినా ఒద్దు.”

ముసలాయన కిక్కురుమనలేదు. డ్రమ్ములో నీళ్లు పోసి ఓసారి స్టార్టు చేద్దామా అని కుర్రాడు ఆశగా అడిగితే, పెట్రోలు లేదన్నాడు. మేస్త్రి కూడా పట్టుబట్టలేదు. ఆయనకెందుకు, చూడాల్సింది చూసేశాడు!

నాలుగు రోజులు పోయాక మేస్త్రి బామ్మర్ది ఎవరో తెలియనట్టు వెళ్లి, 22 వేలకు బేరం కుదుర్చుకొచ్చాడు. ఇంజను షెడ్డుకు చేరాక, ఎందుకైనా మంచిదని ఓసారి శుభ్రం చేద్దామని మేస్త్రి హెడ్డు విప్పాడు. రెండో సిలిండర్ గోడ నిండా నిలువు గీతలు. పిస్టన్ అల్యూమినియం కరిగి బోరుకంటుకుని ఉంది. పిస్టన్ బయటికి లాగితే, రింగు విరిగి గాడిలో ఇరుక్కుని ఉంది.

ఆ పిస్టన్ పట్టుకుని కూచున్నప్పుడే కుర్రాడొచ్చాడు, చేతిలో రెండు కేజీల చెరువు రొయ్యలతో.

“నీ రుణం ఉంచుకోకూడదు మావా. ఆ ముసలాయన ఇందాక సంతలో కనపడ్డాడు. ఇంజను అమ్ముడుపోయిందంట, ఇక దాపరికమెందుకని తనే చెప్పేశాడు. మనం వెళ్లిన ముందురోజు రాత్రే ఇంజను పైకెత్తి, రెండో ప్లగ్గులోంచి ఇంత ఆయిల్ పోసి పెట్టాడంట. రింగుల సందులన్నీ ఆయిల్ మూసేస్తే గేజీ నిండుగా చూపిస్తుందంట గదా! ఏ మేస్త్రి వచ్చినా దానికే పడిపోతాడనుకున్నాడంట. ‘మీ మావ ఒక్కడే అసలు లెక్క చదివాడురా, మొనగాడు’ అన్నాడు.”

మేస్త్రి పిస్టన్ని గుడ్డలో చుట్టాడు.

“ఎవడో పిచ్చోడు కొన్నాడంట మావా,” అన్నాడు కుర్రాడు, రొయ్యల సంచి బల్లమీద పెడుతూ. “పాపం, ఒక్కసారి నీకు చూపించుకోవాల్సింది.”